లెక్క నేర్చి ఆడితే జూదము కాదా?

సంఘ పత్రికలో పేకాట గురించి వ్రాయడమా అని కొందరు పెద్దలు నొసలు చిట్లించవచ్చు. జూదము తప్పు అని చెప్పడానికి రెండు పంక్తులు చాలును, దానికి ఇంత కాగితము ఎందుకు అనవచ్చు. కాని ఆ రెండు పంక్తులు విని ఊరుకునే కాలము గడిచిపోయింది. మన యౌవనస్థులు చదువుకున్నవారు. తప్పు అంటే ఎందుకు తప్పు అని అడుగుతారు. అడగనివ్వాలి. బడిలో జీవితమంతా పాఠము చెప్పినవాడికి, ప్రశ్న అడిగిన పిల్లవాడి మీద కోపము రాకూడదు.

నన్ను ఒక యువకుడు అడిగిన ప్రశ్న ఇది. పేరు వ్రాయను. హుబ్బళ్ళిలో స్థిరపడిన మన కుటుంబములలో మూడవ తరమువాడు, డిప్లొమా చదివి ఉద్యోగము చేసుకుంటున్నాడు. "మాస్టారూ, బ్లాక్‌జాక్ అని ఒక ఆట ఉంది. ఇది అదృష్టము కాదు, లెక్క. ఏ ముక్క వస్తే ఏం చేయాలో పట్టిక ఉంది. మూడు నెలలుగా బట్టీ పట్టాను. గోవా వెళ్ళి ఆడదామనుకుంటున్నాను. ఎక్కాలు నేర్చుకున్నట్టే దీన్నీ నేర్చుకున్నాను. మరి ఇది జూదమా, చదువా?" అన్నాడు. అతని దగ్గర చీటీ పాడి తీసుకున్న 40,000 రూపాయలు ఉన్నవి. చెల్లెలి నర్సింగు ఫీజు కూడా ఆ డబ్బులోనుండే కట్టవలసి ఉన్నది.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఆట సంగతి తెలియాలి. తెలియని దానిని ఖండించడము సులువే గాని, వినేవాడు నమ్మడు.

ఆట చూడడానికి చాలా తేలిక. ముక్కల విలువలు కలుపుకుంటూ 21కి దగ్గరగా పోవాలి, 21 దాటకూడదు. రాజు, రాణి, జాకీ మూడూ పదే. ఆసు ఒకటిగానైనా పదకొండుగానైనా లెక్కించుకోవచ్చు. ఆడేవాడికి రెండు ముక్కలు. పంచేవాడికి కూడా రెండు, అందులో ఒకటి పైకి కనబడుతుంది. ఆడేవాడు ఇంకా ముక్క అడగవచ్చు, చాలు అనవచ్చు. పంచేవాడికి మాత్రము స్వేచ్ఛ లేదు. 16 వరకు తీసి తీరాలి, 17 వచ్చాక ఆగాలి. ఇంతవరకు చూస్తే ఆడేవాడిదే పైచేయి అనిపిస్తుంది. మరి జూదశాల ఎక్కడ సంపాదిస్తున్నది? ఒకే ఒక చిన్న ఏర్పాటులో. ముందు ఆడేవాడు ముక్క తీయాలి. అతడు 21 దాటితే పందెము అప్పుడే పోయినట్టు. తరువాత పంచేవాడు కూడా దాటినా ఆ డబ్బు తిరిగి రాదు. ఇద్దరూ మునిగినప్పుడు ముందు మునిగినవాడిదే నష్టము. బల్ల దగ్గర కూర్చున్నవారిలో ఎంతమంది దీనిని గమనిస్తారో!

ఈ ఆటకు సరియైన పద్ధతిని మొదట లెక్క కట్టినవారు జూదరులు కారు, అమెరికా సైన్యములో పనిచేస్తున్న నలుగురు యువకులు. మేరీలాండ్ రాష్ట్రములోని అబర్డీన్ అను స్థలములో బాల్డ్విన్, కాంటీ, మైసెల్, మెక్‌డెర్మాట్ అనే ఆ నలుగురు, కంప్యూటరు లేకుండా, బల్లమీద పెట్టుకునే లెక్కల యంత్రాలతో ప్రతి రెండు ముక్కలకూ ఏది ఉత్తమమో గుణించి, 1956లో అమెరికా గణాంక శాస్త్ర సంఘము వారి పత్రికలో ప్రచురించారు. నేటి పట్టికలన్నిటికీ తల్లివేరు అదే. నిజము చెప్పాలంటే, ఒక ఉపాధ్యాయునిగా నాకు ఆ నలుగురి ఓపిక మీద గౌరవము కలిగింది.

పట్టికలో కొన్ని సంగతులు మన వంటింటి లెక్కకు కూడా అందుతాయి. పంచేవాడి ముక్క ఆసు అయితే, అతనికి 21 పడుతుందేమో అని భయపడేవారికి 'ఇన్సూరెన్సు' అని ఒక చిన్న పందెము పెట్టుకోమంటారు. గెలిస్తే రెండింతలు ఇస్తారు. పేరు ఎంత క్షేమకరముగా ఉన్నది! లెక్క చూడండి. 13 రకాల ముక్కలలో పది విలువ గలవి 4. పదమూడుసార్లు పందెము పెడితే సగటున 4 సార్లు గెలిచి 8 రూపాయలు వస్తాయి, 9 సార్లు ఓడి 9 రూపాయలు పోతాయి. పదమూడు రూపాయలకు ఒక రూపాయి నష్టము. అందుకే నేర్చినవాడు ఎన్నడూ ఇన్సూరెన్సు తీసుకోడు. అలాగే రెండు ఎనిమిదులు వస్తే విడదీయాలి, రెండు పదులు వస్తే విడదీయకూడదు. పంచేవాడికి 6 కనబడి మనకు 13 ఉంటే ఊరుకోవాలి, ఎందుకంటే అటువంటప్పుడు అతడు నూటికి సుమారు 42 సార్లు మునుగుతాడు.

అన్నిటికంటె గొప్ప పాఠము 16 దగ్గర ఉన్నది. మనకు 16, పంచేవాడికి 10 కనబడుతున్నది. ముక్క తీస్తే పదమూడింట ఎనిమిది ముక్కలు మనలను ముంచేవే. తీయకపోతే అతడు మనలను దాటిపోతాడు. ఏమి చేసినా ఇంచుమించు నాలుగింట మూడుసార్లు ఓటమే. పట్టిక "తీయి" అంటుంది, గెలుస్తావని కాదు, అది వెంట్రుకవాసి తక్కువ నష్టమని. సరిగా చేసి ఓడిపోవడము, తప్పు చేసి గెలవడము ఈ ఆటలో నిత్యము జరుగుతాయి. చేసిన పని మంచిదా కాదా అన్నది ఫలితమును బట్టి తేల్చకూడదు అని ఎన్ని ప్రసంగాలలో చెప్పినా మన తలకెక్కదు. పరీక్ష తప్పిన పిల్లవాడు చదవలేదనుకుంటాము, వ్యాపారము కలిసి వచ్చినవాడిని దేవుడు దీవించాడనుకుంటాము. ఈ పట్టికను నిజముగా అర్థము చేసుకున్నవాడికి ఆ మూఢత్వము కొంత వదులుతుంది. అందుచేత "ఇది చదువా?" అన్న ప్రశ్నలో సగానికి నా జవాబు అవును. ఇది చదువే.

ఇక మిగతా సగము.

నేనూ ఆ అబ్బాయీ ఒక కాగితము తీసుకుని కూర్చున్నాము. మంచి నిబంధనలు గల బల్ల దగ్గర పట్టికను ఒక్క తప్పు లేకుండా పాటిస్తే జూదశాల మిగులు సుమారు అర శాతము. అంటే పట్టిక నష్టమును తగ్గిస్తుంది గాని లాభముగా మార్చదు. మొదట నేర్చుకునేవారు తరచుగా పొరపడేది ఇక్కడే. చేతికి 500 రూపాయలు, గంటకు 70 ఆటలు, ఆరు గంటలు అనుకుంటే 420 ఆటలు. మొత్తము పెట్టిన పందెము 2,10,000. అందులో అర శాతము 1,050 రూపాయలు. "అంతే గదా మాస్టారూ, సినిమా ఖర్చు" అన్నాడు. సరే, ఇంకొక అంకె వేద్దామన్నాను. ఇన్ని ఆటలలో అటో ఇటో 12,000 వరకు ఊగడము మామూలు సంగతి. ఆరుసార్లు వెళితే ఒకసారి సుమారు 13,000 పైగా పోగొట్టుకుని వస్తాడు, అదీ పట్టిక ఒక్క చోట తప్పకుండా ఆడి. 10,000 గెలిచి వచ్చిన రోజున మాత్రము అది తన విద్య అనుకుంటాడు. వెయ్యి రూపాయల నష్టము ఆ పన్నెండువేల ఊగిసలాటలో కనబడదు. ఏండ్ల తరబడి ఆడితే గాని బయటపడదు.

తరువాత ఇంకొక సంగతి అడిగాను: "బ్లాక్‌జాక్ పడితే వందకు 150 ఇస్తారా, 120 ఇస్తారా?" అతనికి తెలియదు. మూడు నెలలు పట్టిక బట్టీ పట్టినవాడు బల్లమీద వ్రాసి ఉండే ఈ ఒక్క పంక్తి సంగతి విచారించలేదు. ఆసు, పది కలిసి మొదటి రెండు ముక్కలలోనే రావడము దాదాపు 21 ఆటలకు ఒకసారి. ప్రతిసారీ వందకు 30 తగ్గితే, వందకు ఇంచుమించు రూపాయి నలభై పైసలు అదనపు నష్టము. అర శాతము కాస్తా రెండు శాతము దగ్గరకు పోతుంది. 1,050 రూపాయలు 4,000 అవుతుంది. ప్రవేశ రుసుము, రైలు ఖర్చు వేరు. అతడు ఆ నెల వెళ్ళలేదు. ఫీజు కట్టాడు. ఆ తరువాత సంగతి నేను అడగలేదు.

అయితే ఆ అబ్బాయి తెలివైనవాడు గనుక ఇంకొక మెట్టు ఎక్కాడు. ముక్కలు లెక్కబెడితే ఆటను నిజముగానే గెలవవచ్చు గదా అన్నాడు. గెలవవచ్చు. ఎడ్వర్డ్ థార్ప్ అను గణిత శాస్త్రజ్ఞుడు ఎంఐటీలో ఐబీఎం 704 కంప్యూటరు మీద లెక్క కట్టి 1962లో పుస్తకము వ్రాశాడు. కట్టలో పదులు, ఆసులు ఎక్కువ మిగిలినప్పుడు ఆట ఆడేవాడి వైపు మొగ్గుతుంది, అప్పుడు పందెము పెంచాలి. చిన్న ముక్క పోతే ఒకటి కలుపుకోవడము, పెద్ద ముక్క పోతే ఒకటి తీసివేయడము, ఇంతే. మూడవ తరగతి పిల్లవాడు చేయగల కూడిక. కాని గంటల కొద్దీ, గోల మధ్య, ముఖములో కనబడకుండా, ఒక్క తప్పు లేకుండా చేయాలి. అంత చేసినా దక్కేది నూటికి ఒక రూపాయి అటూ ఇటూ. 1964లో లాస్ వేగాస్ జూదశాలలు భయపడి నిబంధనలు మార్చాయి. జనము రావడము తగ్గేసరికి కొద్ది వారాలలోనే వెనక్కు తీసుకున్నాయి. తరువాత తేలినది ఏమంటే, ఆ పుస్తకము వారికి గొప్ప ప్రకటన అయింది. ఆట గెలవవచ్చునట అని విని వచ్చినవారిలో లెక్క నేర్చినవారు కొందరే, సగము నేర్చినవారు వేలమంది.

నిజముగా నేర్చినవాడిని ఏమి చేస్తారు? బయటకు పంపుతారు. నెవాడాలో తలలో లెక్కించడము నేరము కాదు, అయినా జూదశాల వారు "మీరు ఇక ఆడవద్దు" అనవచ్చు. న్యూజెర్సీలో మాత్రము కెన్ ఉస్టన్ అనే ఆటగాడు కోర్టుకు వెళ్ళగా, 1982లో ఆ రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము, నియంత్రణ సంఘము నియమము లేకుండా జూదశాల తనంతట తాను అతనిని వెళ్ళగొట్టరాదని తీర్పు చెప్పింది. తెలిసినవాడు వస్తే తలుపు మూసి, తెలియనివాడు వస్తే ఎదురేగి ఆహ్వానించే వర్తకము ఎటువంటిదో ఆలోచించండి. మన ఊళ్ళో కిరాణా కొట్టువాడు తూకము తెలిసినవాడికి సరుకు అమ్మను అంటే ఏమంటాము?

చట్టము ఈ ప్రశ్నను వేరే త్రాసులో తూచింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 1967 నవంబరులో, రమ్మీ ప్రధానముగా నేర్పుతో ఆడే ఆట, మూడు ముక్కలాట వంటిది కాదు అన్నది. ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి అని కారణము చెప్పింది. ఆ తెలుగు నేలమీది తీర్పునే పట్టుకుని తరువాత ఫోనులలో రమ్మీ వ్యాపారము దేశమంతా పాకింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, తమిళనాడు 2022లో నిషేధ చట్టములు చేశాయి. చివరకు 2025 ఆగస్టులో పార్లమెంటు, నేర్పా అదృష్టమా అన్న భేదము లేకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టము చేసింది. గోవాలో మండోవి నది మీది ఓడలు వేరు సంగతి, అవి ఆ రాష్ట్రపు స్వంత చట్టము క్రింద నడుస్తున్నవి.

నేర్పు ఉంటే తప్పు లేదు, అదృష్టమైతే తప్పు అనే ఈ వాదన కోర్టుకు సరిపోవచ్చు. మనస్సాక్షికి సరిపోతుందా? నాకు సరిపోలేదు. అదృష్టములో స్వతహాగా పాపము ఏమున్నది? మత్తీయను ఏర్పరచడానికి అపొస్తలులు చీట్లు వేశారు. ఇశ్రాయేలీయులకు భూమి పంచిపెట్టినది చీట్లతోనే. గుంటూరు సీమలో మిరప వేసే రైతు ప్రతి సంవత్సరము వానతోను ధరతోను పందెము కాస్తూనే ఉన్నాడు. మన చీటీ పాటలో కూడా ముందు ఎవరికి వస్తుందో తెలియదు. వీటిని ఎవరూ జూదము అనరు. రైతు కష్టములో అనిశ్చయము తానై వచ్చినది, అతడు కోరి తెచ్చుకోలేదు. పంట పండితే ఎవరో తింటారు. చీటీలో ప్రతివాడి డబ్బూ ఏదో ఒక నెల అతనికే చేరుతుంది. జూదశాలలోనైతే లేని అపాయమును బల్లమీద తయారు చేసి అమ్ముతారు. ఆరు గంటల తరువాత అక్కడ కొత్తగా పుట్టిన గింజ ఒక్కటి లేదు, డబ్బు చేతులు మారినది మాత్రమే.

అయితే గెలిచినవాడు ఎవరి డబ్బు గెలిచాడు? దీనికి జవాబు చెప్పిన క్రైస్తవులు అమెరికాలో ఉన్నారు, మనము విని తీరాలి. వాషింగ్టన్ రాష్ట్రములో సియాటిల్ ప్రాంతమువారు, సంఘ నాయకులు కూడా కొందరు ఉన్న ఒక జట్టు, ముక్కలు లెక్కించి ఆడడమే వృత్తిగా పెట్టుకున్నది. వారి మీద తీసిన 'హోలీ రోలర్స్' అనే డాక్యుమెంటరీ 2011లో వచ్చింది. పెట్టుబడి పెట్టినవారి సొమ్ము పట్టుకుని ఊరూరా జూదశాలలకు వెళ్ళేవారు. ఎంత గెలిచామో ఎంత ఓడామో ఆటగాడు చెప్పినదే లెక్క గనుక, ఒకరినొకరు నమ్మకపోతే ఒక్క రోజు నడవదు. తాము ఆడేది అదృష్టము కాదని, చెడ్డ సంస్థ చేతిలోనుండి డబ్బును విడిపిస్తున్నామని వారి వాదము. తేలికగా కొట్టివేయదగినది కాదు. వారు బద్ధకస్థులు కారు, ఓడినప్పుడు అప్పుచేసి మళ్ళీ ఆడే వ్యసనపరులు కారు.

కాని ఆ వాదములో ఒక మాట నాకు మింగుడు పడదు. జూదశాలకు స్వంత డబ్బు ఎక్కడిది? అదే బల్లకు అటు ప్రక్కన కూర్చున్న లారీ డ్రైవరుది, పింఛను డబ్బు తెచ్చుకున్న ముసలమ్మది. విడిపించిన డబ్బు ఆ ముసలమ్మకు తిరిగి ఇచ్చారా? లేదు, జట్టు పంచుకున్నది. ఆమె ఓడుతూ ఉంటేనే ఆ బల్ల నడుస్తుంది, ఆ బల్ల నడిస్తేనే వీరి విద్యకు పని. ప్రక్కవాడు తెలివి తెచ్చుకుని లేచిపోవాలని కోరుకోలేని స్థితిలో నేర్చినవాడు కూర్చుంటాడు. మనవాళ్ళు ఎప్పుడో అన్నారు గదా, తమ్ముడు తమ్ముడే పేకాట పేకాటే అని. నవ్వుతూ అనే మాటే గాని, ఆ కొద్దిసేపు తమ్ముడు తమ్ముడు కాకుండా పోవాలి అని ఒప్పుకుంటున్నాము. అదృష్టమా నేర్పా అని కాక, ఇక్కడ చూడాలి అని నా అభిప్రాయము. నేర్పు పెరిగినకొద్దీ ఈ ఇబ్బంది తగ్గదు, పెరుగుతుంది. తెలియక ఆడేవాడు తనను తాను నష్టపరచుకుంటున్నాడు. తెలిసి ఆడేవాడికి తెలియనివారు కావాలి.

మారువేషాల సంగతి కూడా కొందరు అడుగుతారు. ఉస్టన్ గడ్డాలు, విగ్గులు పెట్టుకుని వెళ్ళేవాడు. అది అబద్ధమేనా? క్రికెట్టులో గూగ్లీ వేసేవాడు కూడా మోసగిస్తాడు, దానిని ఎవరూ తప్పుపట్టరు, ఎదుటివాడు ఆ ఆటకు ఒప్పుకునే వచ్చాడు గనుక. ముఖములో లెక్క కనబడనీయకపోవడము అటువంటిదే అనుకుంటాను. పేరు మార్చి చెప్పడము మాత్రము వేరు. ఇంతకు మించి దాని మీద కాలయాపన అక్కరలేదు.

మరి దీనిని మన పిల్లలకు నేర్పవచ్చునా? మా కమిటీలో ఇద్దరు పెద్దలు వద్దేవద్దన్నారు. నేర్పితే ఆశ పుడుతుంది అన్నారు. వారి భయము అర్థము లేనిది కాదు, థార్ప్ పుస్తకము చదివి సగము నేర్చి చెడినవారు ఉన్నారని పైన నేనే వ్రాశాను. కాని నేను ఒప్పుకోలేదు. మన పిల్లల చేతిలో ఆ పట్టిక ఇప్పటికే ఉన్నది. లేనిది మిగతా లెక్క, 12,000 ఊగిసలాట లెక్క, వందకు 120 లెక్క. సగము పాఠము బయట నేర్చినవాడికి మిగతా సగము చెప్పకుండా ఊరుకోవడము ఏ ట్రైనింగు కాలేజీలోనూ నాకు నేర్పలేదు.

అందుచేత యౌవనస్థుల కూటమిలో రెండు శనివారములు అనుమతి తీసుకున్నాను. డబ్బు ఉండదు, తలకు 100 చింతగింజలు. ఒక బల్లలో వందకు 150 లెక్కన, ఇంకొక బల్లలో 120 లెక్కన చెల్లింపు. ప్రతివాడు తన గెలుపు ఓటములు నోటుపుస్తకములో వరుసగా వ్రాయాలి, ఒక్క రోజుది కాదు, రెండు రోజులదీ కలిపి. సంఘ ఆవరణలోకి పేక కట్ట తేవడానికి ఒక పెద్దాయన ససేమిరా అన్నారు గనుక, పాత క్యాలెండరు అట్టలు కోసి అంకెలు వ్రాయిస్తున్నాము. రాజు, రాణి, జాకీ బొమ్మలు అక్కరలేదు, 10 అని వ్రాస్తే చాలును. కట్టకు పదులు 16 కావాలని చెప్పినా పిల్లలు నాలుగే కోశారు. ఇంకా పన్నెండు కోయవలసి ఉన్నది.